కప్పును పట్టుకున్న రోలు

మా తమ్ముడు చిట్టిబాబు ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు. కొబ్బరికాయలు దింపించే రోజున, జీడిపిక్కలు కాల్చే రోజున నేను చేసినా ఎత్తడు. అలాంటివాడు మొన్న పొద్దున్నే, టెక్కలిలో మా డాబా మీద నేను కుండీలకు నీళ్ళు పోసుకుంటూ ఉంటే ఫోన్ చేసి, "అప్పా, ఓపాలి బేగి రాగలవేటి?" అన్నాడు. మా వైపు అక్కను అప్ప అనే పిలుస్తారు. "ఏటైనాదిరా?" అన్నాను. అన్నేళ్ళు బడిలో పిల్లలకు చెప్పిన తెలుగు తమ్ముడి గొంతు వినగానే ఎక్కడికి పోతుందో నాకే తెలియదు. "ఏటీ అవనేదు. పెరట్లో స్తంభాలకి గోతులు తవ్వుతుంటే రాయొకటి బయటపడినాది. గుండ్రంగా, నున్నగా ఉంది. తవ్వినోళ్ళు సెప్పులిప్పీసి దండాలెట్టేత్తన్నారు. మీ మరదలు అప్పుడే పసుపు కుంకం పెట్టీసినాది. గుడి కట్టమంటే నానేటి సేసేది?" అన్నాడు.

ఆ గోతుల సంగతి ముందు చెప్పాలి. కిందటి గాలికి, అంటే తుఫానుకు, మా వాడి షెడ్డు లేచిపోయింది. జీడిపిక్కలు ఆరబోసుకోవడానికి, కొబ్బరికాయలు పోసుకోవడానికి ఇంటి వెనక వేసుకున్న షెడ్డు అది. ఇనుప గొట్టాలు, నీలంరంగు రేకులు, చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. గాలివార్త వచ్చినప్పుడు గట్టి ఇనుపతీగ వేసి కట్టానని, ఇక కదలదని నాతో ధీమాగా చెప్పాడు. గాలి తగ్గి తలుపు తీసేసరికి రేకులన్నీ పక్కింటి ధర్మారావు పెరట్లో ఉన్నాయి. ఒకటి అతని నీళ్ళట్యాంకును చీల్చింది, ఇంకొకటి కాపుమీదున్న మునగచెట్టును పడగొట్టింది. ధర్మారావు ఒక మాట అన్నాడు. మా వాడు రెండు అన్నాడు. ఒకే సైకిలు మీద సోంపేటకు సినిమాకెళ్ళి, ఒకే జీడితోటలో పళ్ళు దొంగిలించి, ఒకరి పెళ్ళిలో ఒకరు వడ్డన చేసిన ఇద్దరు మగాళ్ళు అప్పటినుంచి మొహాలు తిప్పుకుని తిరుగుతున్నారు. మా మరదలు పద్మకు నీలంరంగు రేకుల కంటే ఆ దిగులే ఎక్కువగా ఉంది.

బస్సు దిగి జలంత్రకోట దాటి మా ఊరి ఇసుకదారిలో నడుస్తుంటే, తోటల్లో తలలు తెగిన కొబ్బరిచెట్లు అక్కడక్కడా ఇంకా నిలబడి ఉన్నాయి. అయినా కింద మొక్కలు వేసేశారు. మా ఉద్దానం మనుషులకు ఏడవడానికి తీరిక తక్కువ. ఇంటికెళ్ళేసరికి పెరట్లో చిన్న తిరణాలలా ఉంది. గోతిలో సగం పైకి తేలిన రాయి, దాని నెత్తిన పసుపు, కుంకుమ, ఒక మందారపువ్వు, ముందు కొబ్బరిచెక్క. తవ్వడానికొచ్చిన వాళ్ళు గోతి గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను వంగి చూశాను. నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, ఆపుకోలేక ఆ మట్టిలోనే కూలబడ్డాను. పద్మ కంగారుపడి, "వదినా, దేవుడి ముందర అలగ నవ్వకూడదు" అంది. "దేవుడు కాదే పిచ్చిదానా, మన మామ్మ రుబ్బురోలు. బోర్లా పాతిపెట్టింది. తిప్పి సూడండి, మూతి ఉంటాది" అన్నాను.

అందరూ పట్టి తిప్పారు. మట్టితో నిండిన మూతి బయటపడింది. చెయ్యి పెట్టి మట్టి తీస్తే, లోపల ఆ నున్నని గుంట, పొత్రం తిరిగి తిరిగి అరిగిన గుంట, నా అరచేతికి అలాగే తగిలింది. మా నాన్నమ్మను మేము మామ్మ అనేవాళ్ళం. ఆవిడ ఇచ్ఛాపురం పిల్ల. మామూలుగా మా అందరిలాగే మాట్లాడేది కానీ, కోపం వస్తే ఒడియాలోకి వెళ్ళిపోయేది. మాకు తిట్లు అర్థమయ్యేవి కావు కాబట్టి ఎంత తిట్టినా సంగీతంలాగే వినిపించేవి. కాపురానికి వచ్చేటప్పుడు వాళ్ళ నాన్న ఈ రోలును బండి మీద వేసి పంపించాడట. రోజూ తెల్లవారకుండానే ఆ రోలు గరగరమని తిరిగే చప్పుడుకే మాకు మెలకువ వచ్చేది. నానిన మినపప్పు వాసన, తాత చుట్ట వాసన, పొయ్యిలో కొబ్బరిమట్టల పొగ, ఈ మూడూ కలిస్తే మా ఇంట్లో తెల్లారినట్టు. మామ్మ ఎడమచేత్తో పిండి తోస్తూ, కుడిచేత్తో పొత్రం తిప్పుతూ, నోటితో ఇంట్లో అందరి పనులూ పురమాయించేది.

అప్పట్లో మా ఇల్లు ఇలా డాబా కాదు. మా వీధిలో ఇళ్ళన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని, వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకే తాటాకు కప్పు కింద ఉండేవి. ఇంటికీ ఇంటికీ మధ్య మట్టిగోడ ఉండేది గానీ, అది కప్పుదాకా వెళ్ళేది కాదు. పైన మూరెడు ఖాళీ. పక్కింట్లో పోపు పెడితే మాకు తుమ్ములొచ్చేవి. మా ఇంట్లో నాన్న మీద అమ్మ అలిగితే పక్కింటివాళ్ళు నచ్చచెప్పేవారు. ఇలాంటి కప్పుకు ఒక గుణం ఉంది. ఒకింటి ఆకు లేచిందంటే గాలి దాని కిందికి దూరి పక్కింటి ఆకును కూడా లేపుతుంది. నీ ఇల్లు నువ్వెంత బిగించుకున్నా పక్కింటివాళ్ళు బిగించుకోకపోతే నీదీ పోతుంది. అందుకే దసరా వెళ్ళగానే వీధంతా కలిసి కప్పులు సరిచూసుకునేవారు.

మగవాళ్ళు నిచ్చెనలు వేసుకుని కప్పెక్కి పుచ్చిన వాసాలు తీసి కొత్తవి వేసేవారు. వాసానికీ దూలానికీ మధ్య ప్రతి ముడీ విప్పి, నీళ్ళలో నానబెట్టిన కొత్త కొబ్బరితాడుతో మళ్ళీ బిగించేవారు. ఆడవాళ్ళు కింద కూర్చుని పీచు పేని తాడు అందించేవారు. ఆ తరవాత కొబ్బరికాయలిచ్చి సముద్రం ఒడ్డు పల్లెల నుంచి పాత వలలు తెచ్చేవారు. కప్పు మీద వల పరిచి, దాని అంచుల తాళ్ళు లాగి కిందికి కడితే ఆకు లేవదు. వలతో వచ్చిన చిక్కల్లా దాని ఎండుచేపల వాసన. వల పరిచిన రోజునుంచి వీధిలో పిల్లులన్నీ కప్పు మీదే కాపురం. మా తాత కర్రతో చూరు కొడుతూ, "గాలికి ఆగుతాది గానీ ఈటికి ఆగదురా ఈ కప్పు" అని విసుక్కునేవాడు.

తాళ్ళు కిందికి లాగాక వాటిని దేనికి కట్టాలన్నదే అసలు పేచీ. వీధివైపు ఇబ్బంది లేదు, ఎడ్లను కట్టే రాతి గుంజలు లోతుగా పాతి ఉండేవి. పెరటివైపు ఏముంది? కొబ్బరిచెట్లున్నాయి. మా ఉద్దానం మనుషులకు కొబ్బరిచెట్టు మీదున్న నమ్మకం కన్నకొడుకు మీద కూడా ఉండదు. ఎన్ని గాలులొచ్చినా మా పెరటిచెట్టు ఒక్కసారి పడలేదు. కాబట్టి దానికి ఇల్లు కడితే ఇల్లూ పడదని మా తాత లెక్క. ఒక ఏడాది అలాగే కట్టాడు. గాలి వచ్చింది. తాత చెప్పినట్టే చెట్టు పడలేదు. కానీ ఊగింది. అటు ఊగినప్పుడల్లా తాడు లాగింది, ఇటు వచ్చినప్పుడల్లా వదిలింది. చంటిపిల్లాడి ఉయ్యాల ఊపినట్టు మా కప్పును ఊపి ఊపి, వెనక చూరు వాసాలతో సహా ఊడబెరికి జీడితోటలో పడేసింది. తరవాత తాత వీధిలో నడిస్తే చాలు, "ఏటి మావా, ఇంటికి సెట్టుని కట్టినావా, సెట్టుకి ఇల్లు కట్టినావా?" అని అడిగేవారు. తాత కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. మామ్మ మాత్రం నవ్వేది కాదు.

నేను చెప్పబోయేది ఆ తరవాతి ఏడాది మాట. అమ్మ పురిటి గదిలో ఉంది. చిట్టిబాబు పుట్టి ఇంకా బొడ్డు కూడా ఆరలేదు. గుప్పెడంత ఉండేవాడు, ఏడవడానికి కూడా ఓపిక లేక మూలిగేవాడు. నాన్న పలాసలో జీడిపప్పు మిల్లులో గుమస్తా, ఆదివారాలు వచ్చేవాడు. అలాంటప్పుడు టీకొట్టు రేడియోలో గాలివార్త వచ్చింది. పంచాయతీవాళ్ళు బడికి పదండని దండోరా వేశారు. బడి కప్పు పాత పెంకులది. దాని కింద వీధంతా కిక్కిరిసి కూర్చునే చోటికి పచ్చి బాలింతను, ఆ గుప్పెడు గుంటడిని వానలో నడిపించుకెళ్ళడం మామ్మకు ఇష్టం లేదు. "నా కోడలు ఈ గదిలోనే ఉంటాది. కప్పెలగ నిలబెట్టాలో నాను సూత్తాను" అంది. కప్పు నిలబడాలి. లేకపోతే తమ్ముడు వానలో పడతాడు. తొమ్మిదేళ్ళ నాకు కూడా ఆ సంగతి తెలుసు. తిరిగి తిరిగి వెళ్ళి వాడు ఊపిరి తీస్తున్నాడో లేదో చూసి వచ్చేదాన్ని.

మామ్మ పెరట్లో నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ చూసింది. కొబ్బరిచెట్టును చూసింది, తాతను చూసింది, తాత తల దించుకున్నాడు. చివరికి చూరు కిందున్న రోలును చూసింది. "ఈ ఇంట్లో కదలకుండా కూకున్నది ఇదొక్కటే. గొయ్యి తవ్వండి" అంది. తాత నోరు తెరిచాడు. "ఓలె, రోలు పాతీసి రేపు పప్పెక్కడ రుబ్బుతావు?" అంటే, "ముందు ఇల్లుంటే కదా, పప్పు సంగతి తరవాత సూడొచ్చు" అంది. తాత నడుంలోతు గొయ్యి తవ్వాడు. రోలు నడుముకు తాడు చుట్టి, ఆ తాడు జారకుండా రోలును బోర్లించి దింపి, రాళ్ళు వేసి, తడిమట్టి పోసి పూడ్చారు. వీధిలో పిల్లలందర్నీ పిలిచి తొక్కమన్నారు. మేము పాటలు పాడుతూ గంతులేస్తూ తొక్కాం. తాడు కొస మాత్రం ఉచ్చులా పైకి ఉంచి, వల తాళ్ళన్నీ తెచ్చి దానికి కట్టారు. ఆ పూట మామ్మ మొహంలో ఒక్కసారి మాత్రం దిగులు కనబడింది, రోలు మీద మొదటి మట్టి పడినప్పుడు.

మిగిలింది దాలమ్మ. పక్కింటావిడ, ఇప్పటి మా ధర్మారావుకు నాన్నమ్మ. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య పెరట్లో ఒక పనసచెట్టు ఉండేది. మొదలు మా వైపు, కాపు వాళ్ళ వైపు. రెండేళ్ళ కిందట వియ్యాలవారు వచ్చారని దాలమ్మ అడక్కుండా పెద్ద పనసకాయ కోసి వండింది. ఆ గుమగుమలు గోడ పైనుంచి మా ఇంట్లోకి వచ్చాయి. అంతే, ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. అయితే రోజూ చెప్పుకోవలసినవి ఉంటాయి కదా, అందుకని మధ్యలో నన్ను నిలబెట్టేవారు. ఇద్దరూ చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉండేవారు. అయినా మామ్మ నాతో చెప్పేది, దాలమ్మ నాతో చెప్పేది, నేను మళ్ళీ అదే మాట అటొకసారి ఇటొకసారి అప్పజెప్పేదాన్ని. ఈ ఉద్యోగం నాకు చాలా నచ్చేది. రెండు వైపులా బెల్లంముక్క దొరికేది.

ఆ వేళ దాలమ్మ తన వెనక కప్పు తాడు తీసుకెళ్ళి వాళ్ళ కొబ్బరిచెట్టుకే కడుతోంది. మామ్మ కంచె దగ్గరికి నన్ను లాక్కెళ్ళింది. "ఒలే గుంటా, ఆ సెట్టుకి కట్టొద్దని సెప్పు. కావాలంటే ఆ తాడు మన రోలుకి కట్టుకోమని సెప్పు" అంది. దాలమ్మ అడ్డపొగ పీలుస్తోంది. మా వైపు పెద్దవాళ్ళు చాలామంది చుట్టను నిప్పువైపు నోట్లో పెట్టుకుని పీల్చేవారు. నోట్లో నిప్పు ఉండగానే మాట్లాడే విద్య ఆవిడది. "మీ సెట్టు వంకరది గనక ఊగినాది. మా సెట్టు నిటారుగా ఉంటాదని సెప్పు. మీ తాతలాగ నాకు మతి నేదనుకుందేటి?" అంది. నేను చెప్పడానికి నోరు తెరిచేలోగా మామ్మ ఒడియాలోకి వెళ్ళిపోయింది. అది మాత్రం ఎలా అప్పజెప్పాలో తెలియక ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున్న గాలి మొదలైంది. వీధిలో చాలామంది బడికి వెళ్ళిపోయారు. గాలి మోత సముద్రం మా పెరట్లోకి వచ్చేసినట్టు ఉంది. పురిటి గదిలో అమ్మ చిట్టిబాబును పొట్టకు అదుముకుని గోడ మూలకు ఒదిగింది. తాత కప్పు మోసే నడిమి గుంజను, నిట్రాడును, రెండు చేతులా కావలించుకుని నిలబడ్డాడు. తాత పట్టుకున్నందుకు నిట్రాడుకు ఏం బలం వచ్చిందో నాకు తెలియదు గానీ, అలా నిలబడడం వల్ల తాతకు కొంచెం ధైర్యం వచ్చినట్టుంది. మా కప్పు లేచినట్టే లేచి, వల బిగుసుకుని మళ్ళీ కూర్చుంటోంది. రోలు పట్టుకుంది. మామ్మ పైకి చూస్తూ ఊఁ, ఊఁ అంటోంది, పిండి కుదిరినప్పుడు అనే ఊఁ అది. కాసేపటికి దాలమ్మ ఇంటివైపు, గోడ పైన ఖాళీలో, ఆకు నడిమధ్య వెలుతురు కనబడింది. పోయింది, మళ్ళీ కనబడింది. వాళ్ళ చెట్టు ఊగడం మొదలుపెట్టిందన్నమాట. ఊగినప్పుడల్లా ఆ వెలుతురు మా వైపు బెత్తెడు పెరిగేది. వాన చినుకులు అమ్మ నెత్తిన పడ్డాయి.

మామ్మ కొడవలి తీసి నడుంలో దోపుకుంది. తాత అడ్డం వెళ్ళబోతే, "గుంజ వదిలీకు" అని ఒక్క మాట అని పెరటి తలుపు తీసింది. గాలి సముద్రంవైపు నుంచి కొడుతోంది కాబట్టి పెరటివైపు గోడచాటు కొంచెం ఉంది. ఆవిడ గోడ పట్టుకుని వంగి వంగి వెళ్ళింది. తలుపు సందులోంచి నాకు అంతా కనిపిస్తోంది. వాళ్ళ కొబ్బరిచెట్టు మొదట్లో అప్పటికే ఒక మనిషి ఉంది. దాలమ్మ. కత్తిపీట తెచ్చుకుని కూర్చుని, కూరగాయ తరిగినట్టు తాడును దాని మీదికి లాగి కోస్తోంది! తాడు కదిలిపోతోంది, కత్తిపీట కదిలిపోతోంది, ఆవిడా కదిలిపోతోంది. మామ్మ పక్కన చతికిలబడి కొడవలితో ఒక్క వేటు వేసింది. తాడు తెగింది. రెండేళ్ళ తరవాత మామ్మ ఆవిడతో నేరుగా అన్న మొదటి మాట నాకు బాగా వినబడింది. "కత్తిపీటేటే, సచ్చినదానా? కొడవలి నేదేటి ఇంట్లో?" దాలమ్మ, "కంగారులో సేతికొచ్చినది తెచ్చినాను గానీ, ముందు తాడట్టుకో!" అంది.

ఇద్దరూ కలిసి ఆ తాడు కొస ఈడ్చుకొచ్చి మా రోలు ఉచ్చుకు ముడేశారు. ఇప్పుడు రెండిళ్ళ కప్పూ ఒక్క రోలు మీద ఉంది. తాడు బిగుసుకున్నప్పుడల్లా పూడ్చిన మట్టి మీద సన్నని బీట కనబడుతోందట. మామ్మ ఏమాత్రం ఆలోచించకుండా దాని మీద కూర్చుంది. దాలమ్మ ఒకసారి ఆ బీటను, ఒకసారి మామ్మ బక్కప్రాణాన్ని చూసి, "నీ బరువేపాటి? జరుగు" అని తానూ కూర్చుంది. దాలమ్మ భారీ మనిషి. అలా గాలి తగ్గేదాకా ఆ ఇద్దరు ముసలమ్మలూ వీపుకు వీపు ఆనించి, ఒంటి మీద చీరలు అతుక్కుపోయి, రోలు పాతిన గుట్ట మీద కూర్చున్నారు. అంత వానలోనూ దాలమ్మ చుట్ట ఆరలేదు, నిప్పు నోట్లో ఉంది కదా. మధ్యమధ్య గాలి కొంచెం తెరిపి ఇచ్చినప్పుడు మాటలు వినబడేవి. ఏం మాట్లాడుకుంటున్నారా అని చెవులు రిక్కిస్తే, ఆ పనసకాయ కూరలో ఆవపెట్టిందా లేదా అని అడుగుతోంది మామ్మ.

సాయంత్రానికి తెరిపి వచ్చింది. వీధిలో చాలా కప్పులు లేవు. మా రెండిళ్ళ కప్పూ ఉంది, అక్కడక్కడా ఆకు చెదిరి, దువ్వుకోని జుట్టులా ఉంది గానీ ఉంది. మామ్మ లోపలికి వచ్చి తడిచేతులు చీరకు తుడుచుకుని, చిట్టిబాబు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. వాడు గాఢంగా నిద్రపోతున్నాడు. అంత గాలి వాడికి జోలపాటలా పనిచేసింది. అప్పుడు మామ్మ ఏడ్చింది. గట్టిగానే ఏడ్చింది. గోడ పైనుంచి దాలమ్మ, "ఊరుకోయే, పసోడు లేత్తాడు" అంది. ఇక నా ఉద్యోగం, నా బెల్లంముక్కలు రెండూ ఆ రోజుతో పోయాయి.

మర్నాడు పొద్దున్న రోలు చప్పుడు లేకుండా తెల్లారింది. నానబెట్టిన పప్పు గిన్నెతో మామ్మ దాలమ్మ ఇంటికి వెళ్ళింది. ఆ కార్తీకమంతా వెళ్ళింది. గాలుల రోజులు పోయాక రోలు పైకి తీస్తానని తాత గునపం పట్టుకుంటే, "వచ్చే ఏడు మళ్ళీ గాలి రాదేటి? ఉండనీ" అంది. ఆ ఏడూ అంతే, ఆ పై ఏడూ అంతే. ఒకరు తిప్పుతుంటే ఒకరు తోస్తూ, రెండిళ్ళ పప్పూ ఒకే రోలులో రుబ్బేవారు. వీధిలో జరిగిన ప్రతి సంగతీ ఆ రోట్లో పడి మెత్తగా నలిగేది. నేను టెక్కలిలో కాలేజీ చదివే రోజుల్లో నాన్న ఇల్లు పడగొట్టి ఈ డాబా కట్టించాడు. దాలమ్మ వాళ్ళూ కట్టుకున్నారు. ఇంకెక్కడి తాటాకు, ఎక్కడి వల? "ఇప్పుడైనా రోలు తీయిద్దావా, అత్తా?" అని అమ్మ అడిగింది. మామ్మ డాబా వైపు అనుమానంగా చూసి, "ఏమో, గాలి సంగతి ఎవులకెరక?" అని పప్పుగిన్నె పట్టుకుని చక్కా పోయింది. సిమెంటు డాబా ఎగిరిపోతుందని ఆవిడకు నిజంగా భయం లేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. మామ్మ పోయాక చాలాకాలం దాలమ్మ సాయంత్రంపూట మా పెరట్లోకి వచ్చి, సరిగ్గా ఆ చోటనే కూర్చుని చుట్ట కాల్చుకుని వెళ్ళేది.

ఈ కథంతా నేను గోతి గట్టున కూర్చుని చెబుతుంటే తవ్వేవాళ్ళు, పద్మ, చిట్టిబాబు పని మానేసి విన్నారు. కొబ్బరిచెట్టు సంగతి దగ్గర మా వాడి మొహం అదోలా అయింది. "మరి షెడ్డుకి తీగ దేనికి కట్టినావురా?" అని అడిగాను. పద్మే పెరటి మూలనున్న కొబ్బరిచెట్టు వైపు చెయ్యి చూపించింది. దాని మొదట్లో ఇనుపతీగ ఇంకా చుట్టుకుని ఉంది. "ఏటప్పా, ఇంత కథుంటే నాకెవులూ సెప్పనేదేటి?" అని వాడు గింజుకున్నాడు. "నీకెవులు సెప్తారు? నువ్వప్పుడు నిద్దరోతన్నావు" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. వాడూ నవ్వాడు, అచ్చం తాతలాగే.

కొత్త షెడ్డు సంగతి వాడు నాకు విడమరిచి చెప్పాడు. రేకుకు అంచుల దగ్గర కొక్కేలు దగ్గరదగ్గరగా వేస్తారట. రేకును గొట్టానికి, గొట్టాన్ని స్తంభానికి ఇనుపపట్టీలతో బిగించి, స్తంభాన్ని నేలలో కాంక్రీటులో దించుతారట. పైనుంచి కిందిదాకా ఎక్కడా వదులు ఉండకూడదని ఇంజనీరు కుర్రాడు చెప్పాడట. వింటుంటే మామ్మ చేసింది కూడా అదే కదా అనిపించింది, ఆకును వలకు, వలను తాడుకు, తాడును రోలుకు. ఇప్పటిది చాలా గట్టిది, అందులో సందేహం లేదు. టెక్కలిలో నేను గాలివార్త ఫోన్‌లో చూసి, కిటికీలు వేసుకుని, సుఖంగా నిద్రపోతాను. పాత రోజులే బాగుండేవని నేను అనను. వానలో తడిసిన అమ్మను చూసినదాన్ని. కానీ ఇప్పుడు ఎవరి కప్పు వాళ్ళది. పక్కింటి కప్పు ఏమైనా మన కప్పుకు ఏమీ కాదు. అంత గట్టి కప్పు కింద మా తమ్ముడు, పక్కింటివాడు అరిస్తే వినబడేంత దగ్గరలో ఉండి, మాటలు లేకుండా బతుకుతున్నాడు. నాకు దిగులేసింది. ఆ మాటే వాడితో అన్నాను.

వాడు రోలు చుట్టూ ఒకసారి తిరిగాడు. పద్మ అప్పటికే దాన్ని కడిగి వీధి గుమ్మంలో పెట్టి పూలమొక్క వేద్దామని అంటోంది. గోడవతల ధర్మారావు ఇంటి నీళ్ళమోటారు ఇందాక మోగుతున్నది ఎప్పుడో ఆగిపోయింది. గోడకు అటువైపు ఎవరో నిలబడి విన్నట్టు ఎండుటాకులు చప్పుడయ్యాయి. చిట్టిబాబు తవ్వేవాళ్ళ వైపు తిరిగి, "స్తంభం గొయ్యి పక్కన ఇంకో గొయ్యి తవ్వండి. దీన్ని ఎలాగున్నాదో అలగే బోర్లించి పాతీండి" అన్నాడు. పద్మ, "మళ్ళీ పాతడమేటి? కాంక్రీటు పోత్తన్నాం కదా, ఇదేలా ఇంక?" అంది. వాడు వినిపించుకోలేదు. గోడ దగ్గరికి వెళ్ళి, గొంతు సవరించుకుని అరిచాడు.

"ధర్మా బావా! మీ మామ్మ రుబ్బురోలు ఉందేటి ఇంకా? మా రోలు పాతీసినాం!"

గోడవతల ఎండుటాకులు మళ్ళీ చప్పుడయ్యాయి. తరవాత ధర్మారావు గొంతు వినిపించింది.

"నేకపోతే ఎక్కడికెల్తాది? పప్పు నానబెట్టుకుని రండి."

పద్మ నా వైపు చూసింది. ఇంట్లో మిక్సీ ఉందన్న సంగతి ఆవిడా అనలేదు, నేనూ అనలేదు. కొంగు నడుంలో దోపుకుని లోపలికి వెళ్ళి, డబ్బా మూత తీసి, రెండిళ్ళకూ సరిపడా మినపప్పు నీళ్ళలో పోసింది.